పీబీ అని చెప్పిన జబ్బు

ఆ ఏడు పావగడలో జరిగిన శిక్షణలో మాకు జబ్బు పేర్లు మార్చి ఇచ్చారు. సైకిలు మీద ఊళ్లు తిరుగుతూ కుష్ఠు పరీక్షలు చేసే ఉద్యోగం నాది. కార్డు మీద రాసే నోరు తిరగని పాత పేర్లు వద్దన్నారు. క్రిములు తక్కువుంటే పీబీ, ఎక్కువుంటే ఎంబీ. జనం వాడే 'పెద్దరోగం' అనే మాట మీ నోట రాకూడదన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ మాట చెప్పి ఎన్ని గుమ్మాల్లో తిట్లు తిన్నానో నాకే తెలుసు.

వెంకటమ్మనహళ్లి దగ్గరి పల్లెలో ఒకామెకు మోచేతి కింద పాలిపోయిన మచ్చ ఉంది. కళ్లు మూసుకోమని దూదితో తాకితే ఆమెకు తెలియలేదు. విత్తనానికి చెనిక్కాయలు, అంటే వేరుశనగ కాయలు, ఒలిచే కూలి ఆమెది. పది మంది ఆడవాళ్లు ఒకే కుప్ప చుట్టూ మోకాళ్లు తగిలేలా కూర్చుని ఒలుస్తారు. పెద్దరోగమని తెలిస్తే ఆమెను ఆ కుప్ప దగ్గరికి రానివ్వరు.

"ఏం జబ్బప్పా ఇది? పెద్దదేం కాదు గదా?" అంది.

కార్డులోకి తల దించి అన్నాను. "కాదులేక్కా. పీబీ అంటారు. ఆర్నెల్లు మాత్రలు మింగితే పోతాది."

రెండు నెలలు నా ఎదుటే మందు మింగింది. మూడో నెల పోతే ఇంటికి తాళం.

"వాన పడింది గదప్పా, చెల్లెలి ఊర్లో విత్తనమేసేకి పోయినారు," అంది పక్కింటామె. ఏ ఊరో ఆమెకు తెలియదు.

ఎన్నాళ్లకో పడిన వాన. దాన్ని తిట్టుకున్నవాణ్ణి ఆ తాలూకాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ప్రతి నెలా పోయాను, ప్రతి నెలా తాళమే. హొసకోట బస్సులో ఎవరి మోచేయి కనబడినా మచ్చ కోసం చూసేవాణ్ణి.

పంటకొచ్చి చెనిక్కాయ చెట్లు పెరికే నాటికి తిరిగొచ్చింది. చేనుగట్టున అందరితో కూర్చుని కాయలు తెంపుతోంది. నన్ను చూసి లేచి, పక్కకు వచ్చి, కొంగు కింది నుంచి చెయ్యి తీసింది. చిటికెన వేలు, దాని పక్క వేలు లోపలికి ముడుచుకుపోయాయి.

"మచ్చ మాసిపోయా. చిన్న జబ్బే గదాని మాత్రలు ఇడిసిపెడితి. నిజం చెప్పప్పా, ఏంది ఇది?"

చెప్పేశాను. నా తెలివి తగలెయ్య, అప్పుడు చెప్పాను. ఆమె ఏడవలేదు. ముడుచుకున్న వేళ్లను రెండో చేత్తో చాపబోయింది, అవి రాలేదు.

"పెద్దరోగమని ఆ పొద్దే చెప్పింటే, ఒక్క మాత్రన్నా ఇడుస్తాంటినా సారూ?"