కెమెరాకు చిక్కిన ఖైమా ఉండ

నోటినీ కడుపునూ చేసి, నడుమ దారి పెట్టి, ఆ దారిలో నా అబద్ధం జారిపోకుండా ఆపిన ప్రభువుకు స్తోత్రం. ఆపకపోయుంటే రాజపాళయంలో నా పరువు మిగిలేదే. ఎలా పోయిందో వినండి.

అప్పటికి పెళ్లయి ఆరు నెలలు. మా సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థన నడిపేది నేనే. "మా అల్లుడు ఆకలిని గెలిచినాడు" అని మా అత్త తన ఊరు తళవాయిపురమంతా చాటింది. ఇంతలో నాకు కడుపులో మంట పట్టుకుంది. గొట్టంతో కెమెరా దించి చూస్తాం, పరగడుపున పది గంటలకు రమ్మన్నారు ఆసుపత్రివాళ్లు. తోడుగా మా ఇంటికి వచ్చిన అత్త, పరీక్ష అయ్యాక పెట్టడానికని పొద్దున్నే ఖైమా ఉండలు వేయించింది. నేను గెలిచింది మామూలు ఆకలిని. ఇది అత్త వేయించిన ఆకలి! ఏడింటికి వంటింట్లో దూరి రెండు తిన్నాను. మూడోది నోట్లో ఉండగా ఆమె అడుగుల చప్పుడు. నమలకుండానే మింగేశాను.

అయినా భయమేముంది? గోనెసంచిని కుదిపితే బియ్యం అడుక్కి దిగవా? ఆసుపత్రి మెట్లెక్కి దూకాను. మళ్లీ ఎక్కి దూకాను.

"ఏంది మాప్పిళ్ళై, ఈ ఎగురుడు?" అంది అత్త. మాప్పిళ్ళై అంటే మా వైపు అల్లుడు.

"దావీదు దేవుని ముందర ఆడలేదా అత్తా? ఆ సంతోషమే!"

"స్తోత్రం!" అని చప్పట్లు కొట్టింది, పాపం.

లోపలికి దించిన గొట్టాన్ని డాక్టరమ్మ వెంటనే బయటికి లాగేసింది. "ఏమి తింటివప్పా?"

"ఏమీ లేదమ్మా. ఉపవాసం."

ఆమె అత్తను పిలిచి, తెర మీద నిలిచిపోయిన బొమ్మ చూపింది. "పెద్దమ్మా, ఇది ఏమి?"

అత్త కళ్లద్దాలు పెట్టుకుంది. "ఐయో, నా ఖైమా ఉండ! కరివేపాకు గూడ అట్లే ఉండాది!"

నిజం నిలకడ మీద తేలుతుందంటారు. నాది నూనె మీద తేలింది.

"అంతగా ఎగిరితిని గదా, దిగలేదా?" అన్నాను, నోరు జారి.

డాక్టరమ్మ నవ్వింది. "కడుపు సంచి కాదప్పా. దాని కండలు బిగిసి, వదిలి, మళ్లీ బిగిసి పిండి మాదిరి పిసుకుతాయి. బాగా నలిగినాకే కింది వాకిలి రవంత తెరిచి, కొంచెం కొంచెం వదులుతుంది. నూనె పడితే ఇంకా నిదానం. నువ్వు ఎగిరితే దానికేమి?"

యోనా మూడు రోజులు చేప కడుపులోనే ఉన్నాడని ఆదివారం బడిలో ఎన్నిసార్లు చెప్పాను! కడుపుకు తొందర లేదని ఒక్కసారీ తోచలేదు.

మరుసటి వారం మళ్లీ పరీక్ష. ముందురోజు సాయంత్రమే అత్త వంటింటికి తాళం వేసి, తాళంచెవి తీసుకెళ్లి పాస్టరుగారి చేతికిచ్చింది. ఎందుకని ఆయన అడిగారట. ఉన్నదున్నట్టు చెప్పిందట.

పరగడుపు అన్నరోజున నీళ్లను కూడా కన్నెత్తి చూడనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. మీరూ నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, కింది వాకిలికి అంత మంచి కాపలా పెట్టావు. పై వాకిలికీ ఒకటి పెట్టు. ఆమేన్.