గుండె మాట నమ్మని డాక్టరమ్మ

మత్తు డాక్టరమ్మ నిలబడేది రోగి తలవైపు. అందుకే ఆమెకు మనుషుల ముఖాలు తలకిందులుగానే గుర్తుంటాయి. అడిగిందే మళ్ళీ అడగడం ఆమె అలవాటు. పేగుకు చిల్లుపడి వచ్చిన బస్సు డ్రైవరును కూడా మూడుసార్లు అడిగింది, గుండెజబ్బు ఉందా అని. మూడుసార్లూ "గుండ్రాయిలా ఉన్నానమ్మా" అన్నాడాయన. తీరా బల్ల ఎక్కించబోతుంటే కోడలు గొంతు తగ్గించి, "పోయిన నెలే గుండెకు స్టెంటు వేశారండీ. చెబితే ఆపరేషన్ చెయ్యరని మామయ్య నాచేత ఒట్టు వేయించుకున్నారు" అంది.

డాక్టరమ్మకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. స్టెంటు వేశాక ఇచ్చే, నెత్తురు పలచబరిచే మాత్రలు వేసుకున్నవాణ్ణి కోస్తే నెత్తురు ఆగదు. మాత్రలు ఆపితే స్టెంటు పూడుకుపోవచ్చు. కొయ్యకపోతే పేగులోని విషం తెల్లారనివ్వదు. "అరగంట పనేగా" అన్నాడు సర్జను. "కొయ్యడం మీకు అరగంటే. ఆ గుండెను కాచుకోవడం నాకు రెండు రోజులు" అంది. గుండె డాక్టరును పిలిపించి, నెత్తురు తెప్పించి, లోలోపల తిట్టుకుంటూనే మత్తిచ్చింది.

మర్నాడు డ్రైవరు కళ్ళు తెరిచేసరికి ఆమె మానిటరు పక్కనే కూర్చుని ఉంది. "నిద్రపుచ్చడం అయిపోయిందిగా, ఇంకా వెళ్ళలేదేమమ్మా? గుండెల్లో నాకేం నొప్పి లేదు" అన్నాడు.

"మీ గుండె కూడా మీలాంటిదే బాబాయ్. లోపల ముప్పు ముంచుకొస్తున్నా ఏమీ లేదనే చెబుతుంది" అంటూ ఆమె కుర్చీని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.