వెంకట్రాజం బావ తుపాకీ పేచీ

చచ్చినవాళ్లు గుంపులుగా లేచి ఊరి మీద పడ్డారంటే మా వెంకట్రాజం బావ మారుమాట లేకుండా నమ్ముతాడు. వాళ్లను కాల్చే తుపాకీలో తూటాలు అయిపోలేదంటే మాత్రం, వేయిస్తంభాల గుడిలో నిలబెట్టి ప్రమాణం చేసినా నమ్మడు.

హనుమకొండలో ఆయన ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒకటే గోడ. ఆయన భార్య అనసూయక్క నన్ను తమ్ముడా అంటుంది కాబట్టి ఆయన నాకు బావ. అంతకు మించి చుట్టరికం లేదు, అవసరమూ పడలేదు. రిటైరయ్యే దాకా ఒక బ్యాంకులో గన్‌మన్‌గా చేశాడు. రెండు గొట్టాల తుపాకీ పట్టుకుని గుమ్మంలో నిలబడడమే ఉద్యోగం. ఏడాదికోసారి ప్రాక్టీసుకు తీసుకుపోయి పేల్చమంటే పేల్చాడు తప్ప, ఆ తుపాకీ డ్యూటీలో నోరు తెరిచింది లేదు. ఇదే మాట అనసూయక్కను అడిగితే, "తుపాకి ఎన్నడు పేలలే తమ్మీ. దాని పక్కన ఈయన గురకనే పేలేది" అంటుంది.

మా అమ్మాయి దీపకు జాంబీల సీరియళ్లంటే ప్రాణం. రాత్రి అన్నాలవేళ టీవీకి నెట్ కలిపి అవే పెడుతుంది. ఏ దేశంవాళ్లు తీశారో గాని, అందరూ తెలుగులోనే అరుస్తూ చస్తారు. మొదటిసారి బావ మా ఇంట్లో అది చూసిన రోజు నాకు బాగా గుర్తు. తెర మీద కుళ్లిపోయిన శవాలు గోడ దూకి వస్తున్నాయి. నా భార్య ప్రేమలత కొంగుతో కళ్లు మూసుకుంది. ఒక పిల్ల మేడ మీద నిలబడి ఒంటిచేత్తో తుపాకీ ఎత్తి ఢాం ఢాం మని కాల్చింది.

బావ కుర్చీలోంచి లేచాడు. "ఆపుండ్రి! గా పిల్ల భుజం ఏమాయె?"

"భుజానికి ఏమైంది మామా?" అంది దీప.

"అదే నేనడుగుతాన. గసొంటి తుపాకి పేలిత్తె భుజం పట్టుకుని 'ఓరి దేవుడా' అని కూలబడాలె. గీ పిల్లకు జడ సుత కదలలేదు!"

"మామా, అక్కడ శవాలు నడుస్తున్నాయి. అది నీకు వింతగా లేదా?"

"శవాలదేముంది బిడ్డా, వాటి తిప్పలు వాటియి. తుపాకికి మాత్రం ఒక కాయిదా ఉంటది."

అప్పటి నుంచి మా ఇంట్లో ఏ జాంబీ ప్రశాంతంగా చావలేదు. హీరో తుపాకీ తీయగానే బావ పైకి లెక్కపెట్టడం మొదలుపెడతాడు. లెక్క దాటితే, "అయిపోయినయ్! గది తుపాకా, గోదామా?" అంటాడు. గదిలో కాల్పులు జరిగాక హీరో హీరోయిన్ చెవిలో గుసగుసలాడితే ఇంకా మండిపోతాడు. "నాలుగు గోడల నడుమ పేల్చినంక చెవులు గింగురుమంటయి. వాడు గుసగుస పెడతాండట, గా పిల్లకు ఇనబడుతాందట! ఎవలకు చెప్తానరు?" అని మమ్మల్ని నిలదీస్తాడు, ఆ సీరియల్ మేమే తీసినట్టు.

పోనుపోను రిమోట్ ఆయన చేతికే పోయింది. తూటాలు అయిపోయాయని తనకు తోచగానే టీవీ ఆపేస్తాడు. "వాడు నింపుకోవద్దా? నింపుకునెదాక ఆగాలె." తెర మీద జాంబీ నోరు తెరిచి, హీరో కళ్లు తెరిచి, మధ్యలో అందరం ఆగి ఉంటాం. ప్రేమలత ఆ సందులో చాయ్ పెట్టడం అలవాటు చేసుకుంది. చాయ్ తాగి, మూతి తుడుచుకుని, "ఇగ నింపుకుండు, నడిపిత్త" అని ఆయన సెలవిస్తేనే కథ కదిలేది. గంట సీరియల్ మాకు రెండు రాత్రులు పట్టేది.

టీవీలో తుపాకీకే ఇంత చేసేవాడు నిజం చప్పుడు దగ్గర ఊరుకుంటాడా? మా వాడలో కోతుల బెడద ఎక్కువై, నా మిర్చి గోదాములో బస్తాలు మోసే హమాలీ యాకయ్య పైపుతో చేసిన పేలుడు గొట్టం తెచ్చాడు. ఊరికే చప్పుడు చేస్తుంది, కోతులు పారిపోతాయి. బావ అడ్డం పడ్డాడు. మూతి ఆకాశం దిక్కు ఉండాలన్నాడు, వెనక ఎవరూ నిలబడవద్దన్నాడు, చెవుల్లో దూది పెట్టుకోమన్నాడు, దూది లేదంటే అనసూయక్క వత్తుల డబ్బా తెప్పించాడు. ఆయన చెప్పడం పూర్తయ్యేసరికి కోతులు మా బొప్పాయిలన్నీ తిని, తొక్కలు ఆయన మీదే పడేసి, తమంతట తామే వెళ్లిపోయాయి. "చూసినవా బామ్మర్దీ, ఎవలకు దెబ్బ తాకలే!" అని మురిసిపోయాడు.

ఇలాంటి మనిషిని దీప తన షూటింగ్‌కు సలహాదారుగా పిలిచింది. నా కర్మ.

నాది మిర్చి అడ్తి వ్యాపారం. ఏనుమాముల మార్కెట్ దగ్గర గోదాము ఉంది. నా తర్వాత దీప ఆ కొట్లో కూర్చుంటుందని నేను, ఛస్తే కూర్చోనని ఆమె. ఆమెకు సీరియళ్లు తీయాలని. హైదరాబాదులో ఒక కంపెనీవాళ్లు మొదటి భాగం తీసి సోమవారంలోగా పంపితే చూస్తామన్నారు. ఎడతెగని వాదన తర్వాత ఒప్పందానికి వచ్చాం. ఆదివారం మార్కెట్ సెలవు కాబట్టి గోదాము ఇస్తాను. ఆ ఒక్కరోజులో తీసి పంపిందా, ఆమె దారి ఆమెది. పొద్దుగూకేలోగా పూర్తి కాకపోతే సోమవారం పొద్దున మిర్చి బస్తాలూ దిగుతాయి, ఆమె కూడా కొట్లో దిగుతుంది.

కథేమిటంటే, మిర్చి ఘాటు తలకెక్కి కూలీలంతా జాంబీలైపోతారు. "నా సరుకుకు చెడ్డపేరు తెత్తవా బిడ్డా?" అని మొత్తుకున్నాను. వినలేదు. జాంబీలుగా మా హమాలీలను, తొడిమలు తీసే ఆడవాళ్లను కూలికి పెట్టింది. ముఖాలకు బూడిద, పసుపు పూశారు. కళ్లకు రంగు అక్కర్లేదు, మా గోదాములో ఎవరి కళ్లయినా ఎర్రగానే ఉంటాయి. హీరో సాయికిరణ్, మడికొండలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు, దీప స్నేహితుడు. చేతిలో ప్లాస్టిక్ తుపాకీ.

బావ పాత ఖాకీ డ్రెస్సు ఇస్త్రీ చేయించుకుని, మెడలో విజిల్ వేసుకుని వచ్చాడు. "నేను ఆపమంటె ఆపాలె. గట్లయితెనే ఉంట" అన్నాడు. దీప తొందరలో సరేనంది.

మే నెల ఎండ. రేకుల గోదాము ముందు వాకిలి పెనంలా కాలుతోంది. దీప యాక్షన్ అంది. సాయికిరణ్ ఢాం ఢాం అని నోటితోనే అన్నాడు, అసలు చప్పుడు తర్వాత కలుపుతారట. జాంబీలు మూలుగుతూ వచ్చారు. ముందు వరుసలో మా సమ్మమ్మ. నా గోదాములో తొడిమలు తీసే ఆడవాళ్లలో అందరికన్నా పెద్దది. ఆమె తూలుతూ, కాళ్లీడ్చుకుంటూ వస్తుంటే సాయికిరణ్ కాల్చడం మరిచిపోయి, "అందరూ ఆమెను చూసి నేర్చుకోండి, అదీ యాక్టింగ్ అంటే!" అన్నాడు.

విజిల్ మోగింది. "గోలీలు అయిపోయినయ్! ఆగాలె! అందరు నీడకు కూసోండ్రి, నీళ్లు తాగుండ్రి!"

"మామా, వాడు రెండే కాల్చాడు."

"గా తుపాకికి రెండే పడతయి."

సరే, నింపారు. మళ్లీ మొదలు. ముగ్గురు జాంబీలు పడ్డారో లేదో మళ్లీ విజిల్. ఈసారి గొట్టం వేడెక్కిందట, చల్లారాలట.

"అది ప్లాస్టిక్ మామా!" అంది దీప, ఏడుపు ఒక్కటే తక్కువ.

"ప్లాస్టిక్ అయితె ఇంక తొందరగ కరుగుతది. నీడకు కూసోండ్రి!"

మరోసారి మిర్చి దుమ్ము పట్టింది, తుడవాలన్నాడు. ఇంకోసారి గాలి ఎదురుగా ఉంది, తూటా వెనక్కి వస్తుందన్నాడు. హమాలీలు మాత్రం చక్కగా నీడలో కూర్చుని, మజ్జిగ తాగుతూ, "సారు శాస్త్రం తెలిసినోడు" అని మెచ్చుకుంటున్నారు. మధ్యాహ్నం అన్నాలవేళకు సగం కూడా కాలేదు. దీప కెమెరా వెనక నిలబడి కళ్లు తుడుచుకుంటోంది. ఒప్పందం ప్రకారం నేను సంతోషించాలి. కాని కన్నబిడ్డ కళ్లలో నీళ్లు చూస్తుంటే ఆ సంతోషం గొంతు దిగలేదు. కోపం బావ మీదికి మళ్లింది. ఆయన్ని చెయ్యి పట్టి గోదాము వెనక్కి లాక్కుపోయాను.

"ఏంది బావా ఇది? పిల్ల బతుకుతోని ఆటలా? ప్లాస్టిక్ తుపాకి వేడెక్కుడేంది?"

బావ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "బామ్మర్దీ, ముందు వరుసల సమ్మక్కను చూసినవా?"

"చూసిన. అందరికన్న ఆమెనే మంచిగ చేత్తాంది."

"అది చేసుడు గాదు. ఆమె నిజంగనే తూలుతాంది. కాళ్లు వణుకుతానయ్. ఎండకు కండ్లు తిరుగుతానయ్. ఆమె తూలినప్పుడల్ల నేను విజిల్ కొడుతాన."

"మరి గదే చెప్తె అయిపోవు గద!" అన్నాను.

"చెప్తె ఏం జేత్తరు? 'అయ్యో ముసలమ్మ' అని ఇంటికి పంపుతరు. ఇయ్యాల కూలి పాయె. కూసుండబెట్టి ఉట్టిగ పైసలిత్తె ఆమె పడతదా? నీకెర్క లేదా ఆమె సంగతి?"

నాకు తెలియకేం. ఒకసారి జ్వరంతో రాలేదని కూలి ఇంటికి పంపిస్తే, దానికి బదులుగా రెండు బస్తాల మిర్చి ఇంటికి తీసుకుపోయి తొడిమలు తీసి తెచ్చింది. అలాంటి మనిషితో అలిసిపోయావు కూర్చో అంటే తగువే. తుపాకీ అలిసిపోయిందంటే ఎవరికీ తగువు లేదు. మా బావను ఆ క్షణంలో కౌగిలించుకోవాలనిపించింది, కాని ఖాకీ నిండా చెమట.

వెళ్లి దీప చెవిలో వేశాను. ఆ పిల్ల సమ్మమ్మ దగ్గరకు పరుగెత్తి, "సమ్మమ్మా, నిన్ను జాంబీలందరికీ పెద్దను చేస్తున్నా. పెద్ద నడవదు. బస్తాల మీద కూర్చుని చెయ్యి ఊపితే మిగతావాళ్లు పోతారు. నీకు చేతనవుతుందా?" అంది.

"చెయ్యి ఊపుడేనా? గదెంత పని!" అంది సమ్మమ్మ, కొంచెం గర్వంగానే.

గోదాము లోపల, నీడలో మిర్చి బస్తాలు సింహాసనంలా పేర్చి ఆమెను కూర్చోబెట్టారు. ఆ తర్వాత విజిల్ మూగబోయింది. తుపాకీ చల్లగా ఉంది, దుమ్ము లేదు, గాలి సరైన దిక్కుకు తిరిగింది. పనులు చకచకా సాగాయి. చివరి సీనులో సాయికిరణ్ తూటాలు నిజంగానే అయిపోయినట్టు చేసి, వణికే చేతులతో నింపుకుంటుంటే జాంబీలు మీద పడాలి. అంతలో బస్తాల మీద నుంచి సమ్మమ్మ చెయ్యెత్తి అందరినీ ఆపేసింది.

"నింపుకో కొడుకా," అంది దయగా. "నింపుకునెదాక మేము ఆగుతం."

జాంబీలన్నీ కూలబడి నవ్వాయి. సాయికిరణ్ నవ్వాపుకోలేక తుపాకీ కింద పడేశాడు. దీప మాత్రం కెమెరా ఆపలేదు. పొద్దుగూకకముందే అంతా అయిపోయింది. హమాలీలు కూలి తీసుకుని ఈలలు వేసుకుంటూ పోయారు. రాత్రికి రాత్రే దీప ఆ భాగం అతికించి పంపేసింది.

వారం తిరక్కుండానే కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. బస్తాల మీద ముసలి జాంబీ ఎవరని అడిగారట, రెండో భాగం తీయమన్నారట. నా కొట్టుకు వారసురాలు పోయిందని నాకు దిగులు లేదనను, కాని మిఠాయి డబ్బా పంచుతున్న పిల్ల ముఖం చూశాక ఆ దిగులు చాలాసేపు నిలవలేదు. నేను కూడా రెండు లడ్డూలు తిన్నాను.

గోదాములో సమ్మమ్మకు లడ్డూ ఇచ్చి ఈ సంగతి చెప్పాను. ఆమె తొడిమలు తీస్తూనే, గొంతు తగ్గించి అడిగింది. "సేటూ, మల్ల గా తుపాకి సారునే పిలుత్తరా?"

"పిలుత్తం. ఎందుకట్ల అడిగినవ్?"

"పిలువుండ్రి పాపం. కని సారుకు జర మతిమరుపు మొదలైంది. చూడలేదా? ఒకపారి రెండే పడతయంటడు, ఒకపారి గొట్టం చల్లారాలె అంటడు. ప్లాస్టిక్‌ది చల్లారుడేంది సేటూ? నలుగుట్ల నవ్వులపాలైతడని ఆయన విజిల్ కొట్టినప్పుడల్ల మేమే గప్పున పోయి కూసున్నం. నాకైతె పనిల కూసునుడే రాదు. ఆయన మొఖం చూసి కూసున్న."

నేను ఇటు తిరిగేసరికి బావ గుమ్మంలో ఉన్నాడు. మొత్తం విన్నాడు. నోరు తెరవవద్దని నాకు కళ్లతోనే చెప్పి, సమ్మమ్మ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"అవు సమ్మక్కా," అన్నాడు నెమ్మదిగా. "ఈ మధ్య ఏం యాదికుంటలేదు."

సమ్మమ్మ జాలిగా నాలుక చప్పరించింది. తాను కూర్చున్న గోనెసంచి సగం జరిపి, ఆయన ముందు గంపెడు మిర్చి కుమ్మరించింది. "గిట్ల కూసో సారూ. తొడిమలు తియ్యి. చేతికి పనుంటె మతి నిలుత్తది."

బావ మారుమాట లేకుండా కూర్చున్నాడు. తుమ్ముకుంటూ, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ గంపంతా అయ్యేదాకా తొడిమలు తీశాడు.