గాజు జాడీ కోసం కిమ్ దాకా

ఆదివారం ఉదయం ఏడుంపావుకు సూరత్ స్టేషన్‌లో పది రూపాయల టికెట్ కొని, కిమ్ వైపు పోయే లోకల్ ఎక్కాను. కిమ్‌లో దిగి ఆటోలో అరగంట పోతే, కుమ్మరులూ గాజు ఊదేవాళ్ళూ అక్కడే కాపురముండి పనిచేసే గ్యాలరీ ఒకటి ఉందని విన్నాను. చూడటానికి కాదు, కొనడానికే వెళ్తున్నాను. ఊరికే చూసి రావడం మా ఇంటావంటా లేదు. మా నాన్నది సూరత్‌లోనే, పర్వత్ పాటియాలో గుండీల దుకాణం. నాకు మాటలకంటే ముందు బేరం వచ్చిందంటారు.

ఏం కొన్నా నేనూ నా దోస్తు భాగ్యా కలిసే వెళ్ళేవాళ్ళం. నేను వస్తువు పట్టుకుని వదలను. ఆమె నా చెయ్యి పట్టుకుని "పావే, పక్క దుకాణంల చూద్దాం" అని గుంజుతుంది. నాలుగడుగులు వేసేలోపు దుకాణదారు పిలుస్తాడు. ఇరవై ఏళ్ళు ఈ నాటకంతోనే నెట్టుకొచ్చాం.

పోయిన దీపావళికి భాగ్య ఇంటిముందు బల్ల వేసి సకినాలు అమ్మడం మొదలుపెట్టింది. మొదటిరోజే, పదిమంది ఆడవాళ్ళ ముందు, నా నోరు దానంతటదే "సగానికియ్యి" అంది. మిగతావాళ్ళూ అదే పాట అందుకున్నారు. సాయంత్రానికి బల్ల లోపలికి పోయింది. మా మధ్య మాటలూ పోయాయి. మంచి గాజు జాడీ ఉంటే సకినాలు దారిన పోయేవాళ్ళకు కనబడతాయని ఆమె ఎప్పుడూ అనేది. ఆ జాడీ కోసమే ఈ ప్రయాణం.

రైల్లో ఎదురు సీటులో ఒక తెలుగు ముసలమ్మ, కిమ్‌లో కూతురింటికి పోతోంది.

"ఒక్కదానివేనా బిడ్డా? తోడెవ్వలు లేరా?"

"ఉన్నది. మాట్లాడ్తలేదు."

"ఏమన్నవ్?"

"బేరం చేసిన."

"దోస్తుతోనా?" అని, ఆమె కిటికీ వైపు తిరిగింది.

ఎనిమిదింటికి కిమ్. ఆటోవాడు వంద అడిగితే డెబ్బైకి దించాను. గెలిచానని చెప్పుకోవడానికి పక్క సీటు ఖాళీ. ఫ్యాక్టరీ గోడలు అయిపోయాక అంతా చెరకే.

గ్యాలరీ ఒక పొడుగాటి పెంకుటిల్లు. వెనక కొలిమి దగ్గర హంసాబెన్ ఇనుపగొట్టం ఊదుతుంటే, దాని చివర ఎర్రటి ముద్ద ఆమె ఊపిరికి మెల్లగా ఉబ్బుతోంది. లోపల అరమీద నాకు కావలసిన జాడీ కనబడింది. గాజు ఆమెది, మట్టిమూత అక్కడే చక్రం దగ్గర కూర్చున్న కుమ్మరి మగన్‌భాయ్‌ది. రెండువేల నాలుగొందలన్నాడు. పన్నెండొందలన్నాను.

"మట్టి కాలితే కుంచించుకుపోతుంది, బెన్," అన్నాడు. "మూడు మూతలు చేస్తే ఒకటి కుదురుతుంది. మిగతా రెండూ అవిగో."

"అయితే ఆ రెండూ కొసరుగా ఇవ్వండి."

నవ్వాడు గానీ దిగలేదు. సరేనని గేటు దాకా నడిచాను. ఒక చెప్పు సరిచేసుకున్నాను. రెండోదీ సరిచేసుకున్నాను. ఎవరూ పిలవలేదు. తిరిగి చూస్తే మగన్‌భాయ్ తన చక్రం తిప్పుకుంటున్నాడు. చెయ్యి పట్టుకుని గుంజే మనిషి లేకపోతే అది బేరం కాదు, ఉత్త నడక. వెనక్కి వెళ్ళి అడిగినంతా ఇచ్చాను.

పన్నెండున్నరకు అందరితోపాటు భోజనం, నూట ఇరవై: జొన్నరొట్టె, వంకాయ కూర, మజ్జిగ. వాళ్ళు గుజరాతీలో ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ తిన్నారు. నేను గడ్డి చుట్టిన జాడీని పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని తిన్నాను.

వెళ్ళాలనుకునేవారికి: ఆదివారం తెరిచే ఉంటుంది, తిరుగు ప్రయాణానికి ఆటో ముందే మాట్లాడుకోవాలి, ధర మాత్రం తగ్గదు.

మూడూ నలభై లోకల్‌లో కూర్చుని జాడీ ఫోటో భాగ్యకు పంపాను. కింద ధర కూడా రాయలేదు. ఉత్రాణ్ స్టేషన్ వచ్చేసరికి ఫోన్ మోగింది.

"ఎంత పెట్టినవ్?" పలకరింపు కూడా లేదు.

"రెండువేల నాలుగొందలు."

"ఏంది? బేరం చెయ్యలే?"

"చేసిన. గేటు దాంక పోయిన. ఎవ్వలు పిలవలే."

రైలు తాపీ వంతెన ఎక్కింది. ఆ చప్పుడులో ఆమె ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను. వంతెన దాటాక వినబడింది.

"ఒక్కదానివే పోతే గట్లనే అయితది. స్టేషన్ బయట నిలబడు, నేనొస్తున్న. లేకుంటే ఆటోవాడు గూడ ముంచుతడు."