లెక్కల మాస్టారి హత్య కేసులో మా నాన్న తీర్పు

టీవీ యాంటెన్నాలు మేడల మీద అప్పుడప్పుడే మొలకెత్తుతున్న కాలం అది. ఆ రోజుల్లో మా నరసరావుపేటలో భోజనం భోజనమే, నాటకం నాటకమే. నాటకం చూడాలంటే కోటప్పకొండ తిరునాళ్ళకి పోయి, దుమ్ములో చాప పరుచుకుని, ముందువాడిని తల పక్కకి తీయమని తగాదా పడుతూ చూడాలి. విందు తినాలంటే ఏ పెళ్ళికో పోయి, వంచిన తల ఎత్తకుండా తినాలి. ఈ రెంటినీ కలపవచ్చునని, అదీ మధ్యలో ఒక హత్య పెట్టి కలపవచ్చునని మాలో ఎవరికీ తోచలేదు. పైగా మా పల్నాడులో విస్తట్లో అన్నం ఉండగా హత్య అనే మాట ఎత్తరు. (విస్తరి తీశాక ఎత్తుతారు, అది వేరే సంగతి.) అటువంటి చోట, నిండు పంక్తిలో, అందరూ చూస్తుండగా నేను ఒక పెద్దమనిషికి మజ్జిగలో విషం కలిపి ఇచ్చాను.

అప్పటికి నేను ఒక ట్యుటోరియల్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నాను. పది తప్పినవాళ్ళూ, ఇంటర్ తప్పినవాళ్ళూ పల్నాడు నలుమూలల నుంచీ మా దగ్గరికి వచ్చేవారు. వాళ్ళలో సగం మంది నాకంటే పొడుగు, కొందరికి నాకంటే వయసు కూడా ఎక్కువే. నన్ను 'చిన్న మేడం' అనేవారు. (పెద్ద మేడం అంటూ ఎవరూ లేరు. నా ఎత్తు చూసి పెట్టిన పేరు.) మాది గురజాల దగ్గర పల్లె. పేటలో మా పిన్ని ఇంట్లో ఉండి ఉద్యోగం చేసుకోవడానికి నాన్న ఒప్పుకోవడమే ఒక వింత. అదీ ఒక్క ఏడాదికే. "ముచ్చట పడతాంది గదా, పోనీ. పరీక్షలయినాక నేనే పొయ్యి తీసుకొస్తా" అని అమ్మతో అన్నాడట. అమ్మతోనే ఎందుకన్నాడంటే, మా ఇంట్లో నాన్నకీ నాకూ మధ్య మాటలన్నీ అమ్మ మీదుగానే నడిచేవి. నేను అమ్మకి చెబితే అమ్మ నాన్నకి చెప్పేది. నాన్న ఆలోచించి అమ్మకి చెబితే, అమ్మ అందులో గట్టిమాటలు ఏరిపారేసి మిగిలింది నాకు చెప్పేది. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో ఏ తగాదా వచ్చినా మా నాన్ననే పెద్దమనిషిగా కూర్చోబెట్టేవారు. ఊరందరి గోడూ ఓపిగ్గా వినే మనిషి ముందు, నేను మాత్రం నోరు తెరిస్తే మంచినీళ్ళు కావాలా అని అడగటానికే.

ఏడాది చివర మా ప్రిన్సిపాల్ గారు పిల్లల తల్లిదండ్రులందరికీ విందు ఇవ్వడం ఆనవాయితీ. ఆ ఏడు ఆయన బావమరిది మద్రాసు నుంచి దిగాడు. మేమందరం ఆయన్ని 'మద్రాసు మామయ్య' అనేవాళ్ళం. అక్కడ ఏదో పెద్ద హోటల్లో ఒక వింత చూశాడట. జనం బల్లల ముందు కూర్చుని తింటూ ఉంటారు. ఉన్నట్టుండి వాళ్ళ మధ్యలోనే ఒకడు చచ్చిపోతాడు. నటులు విస్తళ్ళ మధ్య, అంటే ప్లేట్ల మధ్య, తిరుగుతూ ఉంటే తినేవాళ్ళే ప్రశ్నలు వేసి హంతకుణ్ణి పట్టుకోవాలి. "ఒకటే నవ్వు బావా! కడుపు చెక్కలు!" అన్నాడు. కడుపు నింపి పంపాల్సిన విందులో కడుపు చెక్కలు చేయడం ఎందుకని ఎవరూ అడగలేదు. ప్రిన్సిపాల్ గారు అప్పటికే డాక్టరు వేషం తనదేనని ప్రకటించేశారు.

రెండు వారాల్లో 'విందులో విషం' తయారైంది. చనిపోయే జమీందారు మా లెక్కల మాస్టారు. చరిత్ర చెప్పే ఆయన వంటవాడు. కోటు వేసుకున్న డిటెక్టివ్ సాక్షాత్తూ మద్రాసు మామయ్యే. జమీందారు గారి సెక్రటరీగా ఆడమనిషి కావాలి, కాలేజీలో ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే. జమీందారు ఉద్యోగంలోంచి తీసేస్తానన్నాడన్న కోపంతో విషం పెట్టేది కూడా ఆ సెక్రటరీయే. చివర్లో నేను భోరున ఏడ్చి నేరం ఒప్పుకోవాలి, డిటెక్టివ్ నన్ను పోలీసులకి అప్పగించాలి, అప్పుడు పూర్ణాలు వడ్డించాలి. కథ అంతే. నేను ఒప్పుకున్నది నటన మీద మోజుతో అనుకునేరు. విందు రోజుకి నాన్న వస్తాడు, మర్నాడు పెట్టె సర్దుకుని వెళ్ళిపోతాను, మళ్ళీ ఈ గేటు తొక్కేది లేదు, పోతూ పోతూ ఇదొకటి చేసి పోదామనిపించింది. నాన్న ఆ సాయంత్రం నేరుగా పిన్ని ఇంటికి వస్తాడు, విందు సంగతి ఆయనకి తెలియదు అని నా ధీమా.

తీరా ఆ సాయంత్రం షామియానా కింద పంక్తులు తీరుతుంటే, మా పిన్ని వెనకాల తెల్లపంచె సవరించుకుంటూ నాన్న వస్తున్నాడు! "ఇంట్లో ఒక్కడే కూచ్చుని ఏం చేస్తాడే, నేనే తీసుకొచ్చా" అంది పిన్ని సంబరంగా. మజ్జిగ చెంబు కొంగు చాటుకి లాక్కున్నాను. నాన్న నన్ను చూశాడు. నా మొహానికున్న రంగు చూశాడు. పోయి మొదటి వరుసలో, మాచర్ల వైపు నుంచి వచ్చిన ఒక మిరపతోటల ఆసామి పక్కన కూర్చున్నాడు. (వాళ్ళబ్బాయి మా దగ్గర లెక్కలు మూడోసారి కడుతున్నాడు. ఆయన్ని మేం 'మాచర్ల బాబాయి' అనేవాళ్ళం. ఆయన గుసగుసగా మాట్లాడితే బజారు అవతలి వాళ్ళకి వినిపించేది.)

పప్పు వడ్డన మొదలవగానే లెక్కల మాస్టారు నా చేతి మజ్జిగ తాగి, గుండె పట్టుకుని, పాఠంలో ఎన్నడూ చూపని ఉత్సాహంతో గిలగిల కొట్టుకుని బెంచీ మీద పడ్డారు. మద్రాసు మామయ్య ఆ ఎండాకాలంలో ఉన్ని కోటు వేసుకుని దూకుతూ వచ్చి అరిచాడు. "ఎవ్వరూ కదలకూడదు! హంతకుడు మీ మధ్యలోనే ఉన్నాడు!"

అందరూ కదిలారు.

"ఎవుడ్రా ఆడు? గేటు మూయండ్రా ముందు!" అని లేచాడు మాచర్ల బాబాయి, తలపాగా నడుముకి బిగిస్తూ. ఆడవాళ్ళు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. ప్రిన్సిపాల్ గారు డాక్టరు పెట్టె కింద పడేసి, చేతులు జోడించి, ఇది ఆట అనీ, ఎవరూ చావలేదనీ, చావరనీ వరసల మధ్య తిరిగి చెప్పేసరికి ఆయన గొంతు పోయింది. కాస్త సర్దుకున్నాక మామయ్య వివరించాడు. "హంతకుణ్ణి మీరే పట్టుకోవాలి."

"మేం పట్టుకోవాలా?" అన్నాడు బాబాయి. "మరి నువ్వు కోటేసుకుంది దేనికయ్యా?"

ఆట అని తెలిశాక జనానికి ఊపు వచ్చింది. చచ్చింది లెక్కల మాస్టారని తెలిశాక ఇంకా వచ్చింది. "మావాణ్ణి రెండుసార్లు తప్పించాడు. చంపాలంటే ఈడ అందరికీ కారణం ఉండాది" అన్నాడు బాబాయి, కందిపప్పులో నెయ్యి కలుపుకుంటూ. మా పిన్ని బాధ మరొకటి. "చచ్చినోడి మొహం చూస్తా ఎట్టా తింటామే? అటు తిప్పండమ్మా." ఎవరో మాస్టారిని అటు తిప్పి, మొహం మీద అరటాకు కప్పారు. అంతలో కారప్పొడి వడ్డించేవాడు పక్కనుంచి పోయాడు. ఆకు కింద నుంచి పెద్ద తుమ్ము. "చిరంజీవ!" అంది మా పిన్ని, అలవాటుకొద్దీ.

తలా ఒక ప్రశ్న వేస్తుంటే ఎవరి మాటా ఎవరికీ వినబడటం లేదు. "పెద్దమనిషి లేకుండా పంచాయితీ ఏందిరా?" అని బాబాయి మా నాన్న చెయ్యి పట్టుకుని లేపాడు. "ఇదుగో, గురజాల పెద్దాయన. ఈయన చెబితే సర్కారు చెప్పినట్టే." నాన్న వద్దంటాడనుకున్నాను. ఆయన చెయ్యి కడుక్కుని, కండువా భుజాన వేసుకుని, కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నాటకమైనా సరే, తగాదా అనేది ఎదురుగా కనబడితే ఆయన తీర్చకుండా పోలేడు.

ముందు డాక్టరుని పిలిచాడు. "నాడి ఏ చేతికి చూశావయ్యా?" ప్రిన్సిపాల్ గారికి ఏ చేతికో గుర్తురాక, పోయిన గొంతుతో రెండు చేతులూ చూపించారు. తరవాత వంటవాడు. "పప్పులో ఏమన్నా ఉంటే అందరం పోయేవాళ్ళం. నువ్వు పో, వడ్డించు పో" అని పంపేశాడు. కాసేపు కళ్ళు మూసుకుని, తెరిచి, పంక్తుల వైపు చూశాడు.

"మనకింకా పప్పే కాలా. పులుసు రాలా, పచ్చడి రాలా. ఆయనకి మజ్జిగ ఎట్టా వచ్చింది? ఎవురు పోశారు?"

తలలన్నీ ఒక్కసారే నా చెంబు వైపు తిరిగాయి. (మద్రాసు హోటల్లో మొదటే ఏదో తాగుతారట. మామయ్య దాన్ని తీసుకొచ్చి మజ్జిగ చేశాడు. తెలుగు విందులో మొదటే మజ్జిగ తాగేవాడు ఎట్లాగూ బతకడని ఆయనకి తట్టలేదు.)

"మా పిల్ల చీమకి గూడా చెడు చెయ్యదు!" అని లేచింది పిన్ని. నాన్న చేత్తో కూర్చోమన్నాడు. "నా కూతురైతే మాత్రం అడగొద్దా? ఇట్టా రా అమ్మా. ఎందుకు చేశావు?"

ఆయన నన్ను సూటిగా ఒక ప్రశ్న అడగటం, నాకు ఊహ తెలిశాక అదే మొదలు. రాసిచ్చిన మాట అప్పజెప్పాను. "ఆయన నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తానన్నారండీ."

"తీసేస్తే ఏమైద్ది? ఇంటికి పొయ్యి నీ తండ్రి పెట్టింది తినొచ్చుగా? ఆయనకేం తక్కువ?"

ఇక్కడ నేను భోరున ఏడవాలి. పక్కనుంచి మద్రాసు మామయ్య "ఏడు, ఏడు" అని పెదవులు కదుపుతున్నాడు. నాకు ఏడుపు రాలేదు. నా నోట్లోంచి నేనెరగని మాటలు రావడం మొదలైంది.

"తక్కువేం లేదండీ. తినటానికి అయితే ఇంటికే పోవచ్చు. కానీ నేను పాఠం చెబుతుంటే వెనక బెంచీవాళ్ళు కూడా వింటారు. మొదట్లో నన్ను చూసి నవ్వినవాళ్ళే ఇప్పుడు గంట కొట్టినా లేవరు. ఇంగ్లీషంటే పారిపోయేవాడు మొన్నామధ్య వచ్చి తన చేత్తో సెలవుచీటీ రాసిచ్చాడు, ఒక్క తప్పు లేదు. నా వల్ల ఒక పని అవుతోందని నాకు ఇక్కడే తెలిసింది. ఏడాది అన్నారు, సరే అన్నాను. ఇంకా ఉండాలని ఉందని ఎవరితో చెప్పను? నన్నెవరూ అడగలేదు నాన్నా!"

నాన్నా అన్నాక గానీ ఎక్కడ ఉన్నానో నాకు తెలియలేదు. వడ్డించేవాళ్ళు గరిటెలు పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు. "సెక్రటరీ పాఠాలు చెప్పటమేందిరా?" అని మాచర్ల బాబాయి పక్కవాణ్ణి గుసగుసగా అడగడం షామియానా అంతా వినిపించింది. పిన్ని కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "ఊరుకో అన్నా, నాటకం అర్థమయ్యేది నీకెట్టాగూ గాదు" అంది.

నాన్న కండువాతో మొహం తుడుచుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. తీర్పు చెప్పేముందు ఆయన ఎప్పుడూ చేసే పనే అది.

"హత్య తప్పే. అందులో మాట లేదు. కాకపోతే, ఇష్టంగా చేసుకునే పనిని ఆ మనిషిని అడక్కుండా మానిపిస్తాననటం గూడా తప్పే. తప్పు రెండు పక్కలా ఉంది కాబట్టి రాజీ. ఆ పిల్ల పని ఆ పిల్లకే ఉండాల. చచ్చినాయన లేచి, ఆ మాట నలుగురిలో చెప్పాల."

"సార్! హంతకురాలిని పోలీసులకి అప్పగించాలి సార్! కథ అది!" అని మద్రాసు మామయ్య ఏడుపు ముఖం పెట్టాడు.

"పోలీసులెందుకయ్యా మధ్యలో? మనం లేమా?" అన్నాడు నాన్న.

లెక్కల మాస్టారు అరటాకు తొలగించుకుని లేచి కూర్చున్నారు. "ఆ అమ్మాయి పని ఆ అమ్మాయిదే. నేను నలుగురిలో చెబుతున్నాను. ఆ పప్పు కాస్త ఇటు పట్రండి బాబూ" అన్నారు. షామియానా ఎగిరిపోయేంత నవ్వు. మాచర్ల బాబాయి తన పక్కనే చోటు చేసి మాస్టారిని కూర్చోబెట్టుకున్నాడు. పూర్ణాలు కొసరి కొసరి తినిపిస్తూ కొడుకు లెక్కల సంగతి మాట్లాడుకున్నాడు. మామయ్య కోటు విప్పి, మూలన కూర్చుని, మద్రాసులో అయితే ఇట్లా జరగదని వంటవాళ్ళకి చెప్పుకుంటూ తిన్నాడు.

ఇంటికి నడిచి వస్తుంటే నాన్న పిన్నితో మిరపకాయల ధర గురించే మాట్లాడాడు. ఆట ఆటే, మాట మాటే అనుకుని, పొద్దున్నే పెట్టె సర్దుకుని వసారాలో పెట్టాను. నాన్న చేతిసంచీతో బయటికి వచ్చి దాన్ని చూశాడు. "ఇదేంది దోవలో? లోపల పెట్టు, ఎవురన్నా తట్టుకుని పడతారు" అన్నాడు. పిన్ని వంటింట్లోంచి తొంగి చూసి మళ్ళీ లోపలికి తప్పుకుంది. నేను పెట్టె లోపల పెట్టి, ఆయన వెనకాలే బస్టాండుదాకా నడిచాను. గురజాల బస్సు కదలబోతుండగా కిటికీలోంచి తల బయటపెట్టి, ఎటో చూస్తూ అన్నాడు.

"వేసవి సెలవలకి రా. మీ అమ్మ ఎదురుచూస్తా ఉంటది."

ఆ వేసవి సెలవలకి వెళ్ళాను. సెలవలయ్యాక తిరిగి వచ్చాను. ఆ తరవాత ఎన్నో ఊళ్ళు మారాను, నిండు సభల్లో మైకు పట్టుకుని గంటలకొద్దీ మాట్లాడాను. నాన్నతో మాత్రం, ఆయన ఉన్నన్నాళ్ళూ, మళ్ళీ అమ్మ మీదుగానే. మా ఇద్దరికీ అదే హాయిగా ఉండేదేమో. ఆయన మా ఊళ్ళో ఆ కేసుని నిజం కేసులాగే చెప్పేవాడట, ముద్దాయి పేరు మాత్రం దాచి. "వాదించిందయ్యా ఆ పిల్ల! ప్లీడర్లు పనికిరారు" అనేవాడట. ఆ సంగతి కూడా అమ్మే చెప్పింది.

ఇప్పుడు ఎక్కడైనా పెళ్ళి పంక్తిలో కూర్చుంటే ఒక్కోసారి ఆ పిల్ల కళ్ళ ముందుకొస్తుంది. మొహాన చెదిరిన రంగూ, ముక్కు మీద చెమటా. పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని "అంత ధైర్యం ఎక్కడిదే నీకు?" అని అడగాలనిపిస్తుంది. ఈలోగా వడ్డించే అబ్బాయి వచ్చి ఏం కావాలో అడుగుతాడు. ఇంకొంచెం నెయ్యి వేయమని చెప్పడానికి మొహమాటపడి, చాలు నాయనా అనేసి, నాలో నేనే నవ్వుకుంటాను.