శనివారం పొద్దున తేలిన పెట్టె

2009. అమెరికాలో, షామ్‌బర్గ్ అనే ఊళ్లో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీలో కస్టమర్ల ఫోన్లు తీసేదాన్ని. నా చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. కానీ ఏ ఫ్లాట్ వాళ్లు ఏ రోజు ఏమని గోల పెట్టారో కాగితం చూడకుండా చెప్పేదాన్ని.

మా పెద్ద కస్టమర్ రెండు బిల్డింగుల అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్. సగం మంది మనవాళ్లే. అక్కడి మేనేజర్ ఒక సోమవారం మా ఓనర్ రాఘవరావు గారికి కచ్చితంగా చెప్పేసింది, ఈ శనివారం కూడా జనం నెట్ బాలేదని తన దగ్గరికొస్తే వేరే కంపెనీని పిలుస్తానని. ఆ కాంట్రాక్టు పోతే మా ఆఫీసు మూతపడినట్టే.

ఆయన రెండు ట్రాఫిక్ షేపర్లు ట్రయల్‌కి తెప్పించారు. బిల్డింగుకి వచ్చే నెట్ లైను ఒకటే, దాన్ని అందరికీ సర్దే పెట్టె అది. నల్లపెట్టె ఇంటికింత అని సమానంగా పంచుతుంది. తెల్లపెట్టె ఎవరింట్లోనైనా సరే నెట్ కాల్స్‌లోని మాటలను ముందు పంపి, డౌన్‌లోడ్లను కాసేపు ఆపుతుంది. ఇక్కడే పుట్టి పెరిగిన మా ఇంజనీరు కిరణ్ బుధవారం మధ్యాహ్నం రెండింటినీ పరీక్షించి గ్రాఫులు పరిచాడు.

“నల్లదే ఫాస్ట్ ఆంటీ. క్లియర్ విన్నర్.”

“బుధవారం మధ్యాహ్నం ఆ బిల్డింగుల్లో ఎవరుంటారు బాబూ?”

“టెస్ట్ ట్రాఫిక్ నేనే పంపాను కదా.”

“నువ్వు పంపింది పాట పాడదుగా. నాకు ఫోన్లొచ్చేది శనివారం ఎనిమిది నుంచి పది దాకా. పిల్లలకి ఇండియా టీచర్లతో సంగీతం క్లాసు. అదే ఇంట్లో, పక్క గదిలో తండ్రి సినిమా డౌన్‌లోడ్ పెడతాడు. పాప పాడే సరిగమల్లో టీచర్‌కి రెండు స్వరాలే అందుతాయి.”

రాఘవరావు గారు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు. “అయితే ఏం చేద్దామంటావమ్మా?”

“బిల్డింగుకొకటి పెట్టండి. శనివారం ఫోన్లే చెబుతాయి.”

“రెండూ ఫెయిలైతే?”

నేను కాగితం మీద ‘ఎ నల్లది, బి తెల్లది’ అని రెండు గళ్లు గీసుకున్నాను.

శనివారం కిరణ్ కాంప్లెక్స్‌లోని వైరింగ్ గదిలో, నేను ఆఫీసులో ఫోన్ ముందు. ఎనిమిదీ పదికి మొదలయ్యాయి. అరగంటలో ఐదు ఫోన్లు, ఐదూ నల్లపెట్టె పెట్టిన ఎ బిల్డింగువే. కిరణ్ సెల్‌కి చేశాను.

“కిరణ్, ఎ బిల్డింగుని కూడా తెల్లదాని మీదకి మార్చెయ్.”

“ఇంత లోడ్ తీసుకుంటుందో లేదో తెలీదు ఆంటీ.”

“తీసుకోకపోతే అదీ ఇప్పుడే తెలియాలి.”

మార్చాడు. ఫోన్లు రావడం ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఇంకా భయంగా ఉంది. రాఘవరావు గారు కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతున్నారు. లైను చచ్చిందేమోనని రెండుసార్లు రిసీవర్ ఎత్తి చూశాను. తొమ్మిదింబావుకి మోగింది. ఎ బిల్డింగు సరళ గారు, ప్రతి శనివారం తప్పకుండా తిట్టే మనిషి.

“ఏమైందండీ?”

“ఏమీ కాలేదు, అదే వింత. పాపకి శ్రుతే కలవడం లేదని టీచర్ తిడుతోంది. ఇన్నాళ్లూ నెట్ మీదకి తోసేదాన్ని.”

సోమవారం రాఘవరావు గారే మేనేజర్‌కి ఫోన్ చేశారు. తన దగ్గరికి ఎవరూ రాలేదని, మమ్మల్నే కొనసాగమని చెప్పిందట.

తర్వాత ఏ పెట్టెను పోల్చాలన్నా కిరణ్ ముందు నా బల్ల దగ్గరికి వచ్చి, “జనం ఎప్పుడు తిడతారు ఆంటీ?” అని అడిగి, ఆ టైముకే టెస్టు పెట్టుకునేవాడు. తిట్లు భరించడమే నా ఉద్యోగం అనుకునేదాన్ని. అవి కొలతలని ఆ శనివారం తెలిసింది.