రేపు పనికి రాను

టీచర్ పోయారని ఆవిడ చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను చిక్కడపల్లి మార్కెట్‌లో బెండకాయలు ఏరుతున్నాను. పొద్దున కాఫీ తాగి కుర్చీలో వెనక్కి వాలారట, మళ్లీ లేవలేదట. వాళ్ల అన్నగారు విశాఖపట్నం నుంచి రావాలి కాబట్టి రేపు పొద్దున తీసుకెళ్తామని చెప్పింది. సరే అన్నాను. ఏరిన బెండకాయలు తూకం వేయించి, సంచిలో పోసుకుని ఇంటికొచ్చాను. ఏడుపు రాలేదు. పిల్లతో ఇన్నేళ్లు తిరిగి తిరిగి చాలావాటికి ఓపిక అయిపోయింది, ఏడవడానికి కూడా.

ఇంటికి వచ్చాక దిగులు పట్టుకుంది. సాయంత్రం సుజాత పని నుంచి వస్తుంది. తనకి ఎలా చెప్పాలి?

సుజాత మా అమ్మాయి. చదువూ లెక్కలూ తనకి అందవు. ఏదైనా పదే పదే చెబితే పట్టుకుంటుంది, పట్టుకున్నాక వదలదు. నారాయణగూడలో ఇలాంటి పిల్లల కోసం ఉన్న బడిలో చదివింది. 2009లో పద్దెనిమిది నిండాయి, బడి అయిపోయింది. చివరి రోజు మిఠాయి పెట్టి, ఫోటో తీసి పంపించారు. గేటు దాటాక ఎటు వెళ్లాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. మర్నాడు పొద్దున తను యూనిఫాం వేసుకుని గుమ్మంలో నిలబడింది. ఆ మర్నాడూ అంతే. నేను కవాడిగూడలో మా ఆఫీసుకు సగం పూట సెలవులు పెట్టి కాపలా కాశాను. చూడ్డానికి వచ్చిన చుట్టాలు తన ముందే "పాపం, దేనికీ పనికిరాని పిల్లాయె" అని నిట్టూర్చి, చాయ్ తాగి వెళ్లేవాళ్లు.

అప్పుడు వచ్చారు టీచర్. అదే బడిలో చేసి రిటైరయ్యారు. పొడుగాటి మనిషి, మోకాళ్ల నొప్పులు, కోస్తా యాస. మా మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీరేదాకా కూర్చుని, "బడి అయిపోయిందండీ, పిల్ల అయిపోలేదుగా. మా ఇంటికి పంపండి" అన్నారు.

నారాయణగూడలో వాళ్లింటి ముందుగదిలో బడి దాటిన పిల్లలు ఐదారుగురు చేరేవాళ్లు. రోడ్డు దాటడం, ఎవరైనా చెయ్యి పట్టుకుంటే విదిలించుకోవడం, భోజనం డబ్బా తామే కడుక్కోవడం అన్నీ నేర్పేవారు. కానీ ఆవిడ ప్రాణమంతా ఒక్క పాఠం మీద ఉండేది. కనెక్షన్ తీసేసిన పాత టెలిఫోన్లు రెండు సంపాదించి, ఒకటి ముందుగదిలో స్టూలు మీద, ఒకటి వంటింట్లో పొయ్యి పక్కన పెట్టారు. పిల్లలు ముందుగదిలో ఫోన్ ఎత్తి, రేపు పనికి రానని, ఎల్లుండి వస్తానని చెప్పాలి. వంటింట్లో ఆవిడ ఓనరు. పప్పు కలుపుతూ గొంతు బొంగురు చేసి, "ఎందుకు రావు? నీ పని ఎవరు చేస్తారు?" అని గద్దించేవారు. మాట రిసీవర్లోంచి కాదు, గోడ అవతల నుంచే వస్తోందని పిల్లలు పగలబడి నవ్వేవాళ్లు. "నవ్వితే ఉద్యోగం ఊడుతుంది" అని లోపల్నుంచి ఇంకో కేక. పూర్తిగా చెప్పి ఫోన్ పెట్టాక పిల్లలు వంటింటి గుమ్మం వైపు చూసేవాళ్లు. ఆవిడ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "బాగా చెప్పారండీ, ఎల్లుండి రండి" అనేవారు. ఓనరుగా ఎంత గద్దించినా, ఫోన్ పెట్టాక పిల్లలందరూ ఆవిడకు "మీరే".

ఇదేం పాఠమని నేనడిగాను ఒకసారి. ముందు ఉద్యోగం రానివ్వండి, సెలవు సంగతి తర్వాత చూసుకుందాం అన్నాను.

"వెళ్లడం మీరు చెయ్యి పట్టుకుని నేర్పేస్తారమ్మా. రాలేనని మాత్రం తనే చెప్పుకోవాలి. అమ్మ ఫోన్ చేస్తే అది ఉద్యోగం కాదు, బడే అవుతుంది" అన్నారు. తనలో తనే నవ్వుకున్నారు. "మన పిల్లల్ని అందరూ పనికిరారు అంటారు కదా. రేపు పనికి రాను అని వీళ్లే ఫోన్ చేసి చెబుతుంటే వినాలని ఉంది నాకు."

ఆవిడ గురించి గొప్పగా రాస్తే ఆవిడకే నచ్చదు. ఆవిడ చేసినవన్నీ ఫలించలేదు. బేకరీలో పెట్టించిన కుర్రాడిని నెల తిరక్కుండా పంపించేశారు. ఒకమ్మాయిని ఇంట్లోవాళ్లే మాన్పించారు. అలాంటి రోజుల్లో ఆవిడ ఎవరితో మాట్లాడకుండా కుర్చీలో కళ్లు మూసుకునేవారు. చిరాకొస్తే నన్నూ కసిరేవారు. సుజాత కోసం అశోక్ నగర్‌లో షాపు షాపుకీ తిరుగుతూ, "చూద్దాం మేడం" అన్న మాట విని విని, ఓ మెట్టు మీద కూలబడి, "నాకూ ఓపిక లేదమ్మా. అయినా రేపు ఆ పక్క సందు చూద్దాం" అన్నారు.

ఆ పక్క సందులోనే దొరికింది. ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు నోట్సు బైండింగ్ చేయించుకునే షాపు. ఓనరు మా వైపు మనిషి. "జర చూస్త అక్కా, ఒక నెల" అన్నాడు. సుజాత కాగితాలు అంచులు కలిపి సర్ది, స్పైరల్ ఎక్కిస్తుంది. ఒక్క కాగితం పక్కకు జరగనివ్వదు. ఆ నెల అయిపోయి మూడేళ్లు దాటింది. తెలంగాణ కోసం బంద్‌లు నడిచిన రోజుల్లో అతను నవ్వేవాడు, "ఏందక్కా, మీ బిడ్డ ఆంధ్రోళ్ల లెక్క అండీ అండీ అంటది!"

ఫోన్ పాఠం మాత్రం వాళ్ల ముందుగది దాటి రాలేదు. ఒకసారి జ్వరమొస్తే, టీచర్ మాట మీద రిసీవర్ తనకే ఇచ్చాను. అవతల ఓనరు "హలో, హలో ఎవరు?" అంటున్నాడు. సుజాత నోరు తెరిచింది, మాట రాలేదు. కళ్లనిండా నీళ్లు. నేనే లాక్కుని, "జ్వరమన్నా, రేపు రాదు" అని చెప్పేశాను. ఆ తర్వాత ప్రతిసారీ నేనే. టీచర్‌కి చెబితే, "ఏముంది, జ్వరం మళ్లీ రాకపోదుగా" అన్నారు.

ఆ సాయంత్రం మా ఆయన, "చెప్పకు. ఊరికి పోయిండ్రు అందాం. పిల్ల తట్టుకోదు" అన్నాడు. నాకూ అదే నయమనిపించింది. కానీ ఊరికి వెళ్లారంటే ఎప్పుడొస్తారని అడుగుతుంది. ఎప్పటిలా ఆదివారం టీచర్‌ వాళ్లింటికి వెళ్లి గేటు ముందు నిలబడుతుంది. నేను రోజూ ఒక అబద్ధం చెప్పాలి. అంత ఓపిక నాకు లేదు.

సుజాత వచ్చింది, చెప్పులు విడిచింది, కాళ్లు కడుక్కుంది. చెప్పాను.

"మళ్ల రారా?"

"రారు బిడ్డా."

"రేపు పోదామా?"

"పోదాం."

చాలాసేపు మంచం మీద కూర్చుంది. నేను షాపుకు ఫోన్ చేద్దామని లేచాను. తను నాకంటే ముందే లేచింది.

"నేను చెప్త."

అంకెలు రావు గానీ, ఆ మీటల మీద వేలు ఎటు నడవాలో టీచర్ పదే పదే చేయించడంతో తనకి కంఠతా వచ్చు. రిసీవర్ చెవికి గట్టిగా అదుముకుంది. అవతల హలో అన్నట్టున్నాడు. తను మాట్లాడలేదు. నా చెయ్యి ముందుకు వెళ్లింది, వెనక్కి తీసుకున్నాను.

"నేను సుజాతను మాట్లాడుతున్నానండీ. మా టీచర్ గారు చనిపోయారు." రిసీవర్‌ని రెండో చేత్తో కూడా పట్టుకుంది. "నేను రేపు పనికి రాను. ఎల్లుండి వస్తానండీ."

అచ్చంగా ఆవిడ పలుకే. అతనేమన్నాడో నాకు వినిపించలేదు. పొద్దుటి నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది నాకు.

సుజాత రెండు చేతులతో ఫోన్ పెట్టేసింది. పెట్టి, మా వంటింటి గుమ్మం వైపు చూస్తూ నిలబడింది.